పసిబిడ్డలకు ఆకారముల పరిచయము

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులు కూడిన చోట రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, వీధిదీపములను గూర్చియు మాటలాడుట పరిపాటి. నేడు నేను ఎన్నుకొనిన విషయము వాని ముందు చాల చిన్నదిగా తోచవచ్చును. మూడేండ్ల బిడ్డకు గుండ్రమేదో, చదరమేదో, ముక్కోణమేదో ఎట్లు తెలియును? ఎవరు తెలుపవలెను? అందుకు పంచాయతీ చేయదగిన పని యేమి? ఈ మూడు ప్రశ్నలకును నాకు తోచిన సమాధానములను మీ ముందుంచెదను.

మొదట నా పొరపాటు నొకదానిని విన్నవించుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక గ్రామములోని అంగన్‌వాడీ కేంద్రమును చూడబోతిని. గోడల నిండ రంగురంగుల బొమ్మలు. ఎఱ్ఱని వృత్తము, పచ్చని చతురస్రము, నీలపు త్రిభుజము. ఒక్కొక్క దాని క్రింద దాని పేరు. కార్యకర్త కఱ్ఱతో చూపగా బిడ్డలందరును ఏకకంఠముగా పేర్లు పలికిరి. నేను మిక్కిలి సంతోషించి ఫొటోలు తీయించితిని. బయలుదేరునపుడు, చేతిలోని కాగితమును త్రిభుజముగా మడచి, మొన క్రిందికి వచ్చునట్లు పట్టుకొని, ఒక బాలికను "ఇదేమిటమ్మా?" అని యడిగితిని. "కాగితం" అన్నది. "త్రిభుజము కాదా?" అంటిని. ఆ పాప నన్ను వింతగా చూచి, "త్రిభుజం గోడమీద ఉంది కదా!" అన్నది.

అందరును నవ్విరి. నేనును నవ్వితిని. అయినను ఆ గోడలను మెచ్చుకొనుచునే నివేదిక వ్రాసి పంపితిని. పాప మాట మాత్రము నన్ను వదలలేదు. ఆమె చెప్పినది నిజమే. త్రిభుజమును గోడకు అంటగట్టినవారము మనమే. ఇందు కార్యకర్తను నిందింపరాదు. వచ్చిన అధికారులు చూడగోరిన దానినే ఆమె చూపినది.

పసిబిడ్డ వస్తువును మొత్తము రూపుతో గుర్తించును గాని భుజములను, కోణములను లెక్కించి గుర్తింపడు. హాలెండు దేశపు ఉపాధ్యాయ దంపతులైన వాన్ హీలెలు 1957లో తమ పరిశోధనలయందు ఈ సంగతిని వివరించిరి. ఎల్లప్పుడు అడ్డముగా కూర్చున్న చతురస్రమునే చూచిన బిడ్డ, దానిని మూలపై నిలిపినచో చతురస్రము కాదనును. సన్నగా, పొడవుగా నున్న ముక్కోణమును ముక్కోణమని ఒప్పుకొనడు. ఒకే బొమ్మను నూరుమార్లు చూపినను ఈ లోపము తీరదు. నూరు వస్తువులను చేతికిచ్చినచో తీరును.

ఈ మార్గము క్రొత్తది కాదు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ మహాశయుడు 1837లో పసిపిల్లల బడిని స్థాపించి, బంతిని, ఘనమును, స్తూపమును బిడ్డల చేతికిచ్చెను. ఇటలీ దేశస్థురాలగు మారియా మాంటిసోరి 1939లో మద్రాసునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఆమె పద్ధతిలో బిడ్డలు చెక్క ఆకారముల అంచుల వెంబడి వ్రేళ్లు పోనిచ్చి, తరువాతనే పేరు నేర్తురు. మొదట చేయి, పిదప కన్ను, ఆ పిదపనే మాట. ఈ వరుసను మనము తలక్రిందులు చేయరాదు.

ఇందుకు ధనము అంతగా అక్కరలేదు. మన పల్లెటూరి ఇల్లే పెద్ద సాధన సామగ్రి. కంచము, జల్లెడ, తిరుగలి, అప్పడము గుండ్రనివి. సున్నుండయు గుండ్రనిదే గాని, అప్పడము పరచినట్లుండును, సున్నుండ దొర్లును. ఈ భేదమును బిడ్డ నేలపై దొర్లించి తానే కనిపెట్టును. తలుపు, ఇటుక, మంచము దీర్ఘచతురస్రములు. బొంగరమునకు క్రింద మొన. కొడవలి నెలవంక వంటిది. అమ్మమ్మయో, నాయనమ్మయో వాకిట ముగ్గు వేయుచున్నప్పుడు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చుక్కలు కలుపుచుండగా ఎచ్చట చదరమేర్పడెనో, ఎచ్చట ముక్కోణమేర్పడెనో చూపించిన చాలును. ఆ పాఠమును ఏ గోడబొమ్మయు చెప్పజాలదు.

ఐదారేండ్ల బిడ్డలకు మరియొక వినోదము కలదు. మూడు వెదురు పుల్లలను కొసలయందు దారముతో కట్టి నొక్కి చూడుడు, ఆకారము చెదరదు. నాలుగు పుల్లలను అట్లే కట్టి నొక్కుడు. చట్రము ప్రక్కకు వాలిపోవును. పాత మంచము ఒక వైపునకు ఒరుగుట మీరెరుగుదురు. ఇంటి పైకప్పునకు వాసములను ముక్కోణముగా కూర్చుటలోని మర్మము ఈ గట్టిదనమే. బిడ్డకు వివరణ అవసరము లేదు. చేతికి తెలిసిన చాలును.

"ఇంతమాత్రమునకు ఇంత ప్రసంగమా?" అని మీరడుగవచ్చును. అక్షరములు కూడ ఆకారములే యని మనవి చేయుచున్నాను. "వ"కు "మ"కు, "ప"కు "ష"కు, "ఒ"కు "ఓ"కు ఒక్క వంపు, ఒక్క గీతలోనే భేదము. ఆకారములలోని పోలికను, భేదమును పట్టుకొనుటకు అలవాటుపడని బిడ్డ ఒకటవ తరగతిలో తికమకపడును. అప్పుడు మనము వానిని మొద్దు అందుము. వాడును ఆ మాట నమ్మును. తప్పు వానిది కాదు. మూడు మొదలు ఆరేండ్ల వరకు వానికి అందవలసినది అందలేదు. బిడ్డ మెదడు ఎదుగుదలలో నూటికి 85 పాళ్లకు పైగా ఆరేండ్ల లోపుననే జరుగునని 2020 జాతీయ విద్యావిధానము పేర్కొన్నది.

అంగన్‌వాడీలకు మూలమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములలో విద్యను, స్త్రీ శిశు అభివృద్ధిని కూడ చేర్చినది. కావున ఇది మన పని కాదని తొలగిపోవుటకు వీలులేదు. మీరు చేయదగిన నాలుగు పనులను చెప్పెదను.

ఒకటి: ఊరి వడ్రంగిని అడిగి మిగిలిన చెక్కముక్కలను చతురస్రములుగా, ముక్కోణములుగా, గుండ్రముగా కోయించి, అంచులను గరుకు కాగితముతో నునుపు చేయించి కేంద్రమున కిండు. ముక్కోణములు అన్నియు ఒకే తీరున ఉండరాదు. సన్ననివి, వెడల్పైనవి, చిన్నవి, పెద్దవి కావలెను.

రెండు: కేంద్రపు నేలను బాగుచేయించి, బిడ్డల చేతికందు ఎత్తున గోడకు నల్లబల్ల వేయించుడు. సుద్దతో వారే గీయవలెను. గోడబొమ్మలు ఉండవచ్చును గాని వానితోనే పని ముగిసినదని తలపరాదు.

మూడు: గోళీలు, చింతపిక్కలు, గింజలు మూడేండ్ల లోపు బిడ్డల చేతికి అందనీయవలదని తల్లులకు చెప్పుడు. గొంతున అడ్డుపడినచో ప్రాణాపాయము.

నాలుగు: ఎంత చూపినను దూరపు ఆకారములను గుర్తింపలేని బిడ్డను మందమతి యనక ముందు కన్నులు పరీక్ష చేయింపుడు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు వచ్చి పరీక్షించు ఏర్పాటు కలదు. వారు వచ్చిన దినమున బిడ్డలందరును హాజరగునట్లు చూచుట మీ బాధ్యత. దృష్టిదోషమును ఎంత చిన్నతనమున కనిపెట్టిన అంత మేలు.

చివరిగా ఒక మనవి. మీరు కేంద్రమునకు వెళ్లినపుడు "పేర్లు చెప్పండి" అని బిడ్డలను అడుగకుడు. నా పొరపాటు అదియే. "గుండ్రంగా ఉండేది ఒకటి తెచ్చి చూపించమ్మా" అని అడుగుడు. ఒకడు గాజు తెచ్చును, ఒకతె గిన్నె మూత తెచ్చును, మరియొకడు మీ చొక్కా బొత్తామును పట్టుకొని లాగును. అప్పుడు ఆ కేంద్రమును గూర్చి ఎంత మంచి నివేదిక వ్రాసినను తప్పులేదు.