మాట కాదు, పత్రము



మగ్గము కూడుపెట్టని దినములలో మన పరకాల ప్రాంతపు నేతవారు బంధువుల మాటను నమ్మి సూరతు, భివండి పట్టణములకు పోయిరి. ఆ బంధువు ప్రక్క సాంచెపైననే పనిచేయుచుండెను గాన మాటకు బద్ధుడై యుండెను. నేడు మన యువకులను గల్ఫునకు పంపు ఏజెంటు వారితో విమానమెక్కడు.

కావున మనము వాని మాటను గాక పత్రమును నమ్మవలయును. 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ననుసరించి రిజిస్ట్రేషనుగల ఏజెంటే పనివారిని పంపదగును. సేవారుసుము 30,000 రూపాయలును, దానిపై జి.యస్.టి.యును మించరాదు, రసీదు నీయవలయును. సందర్శక వీసాతో పనికి పోరాదు. విదేశోద్యోగములకై ప్రభుత్వసంస్థయగు టామ్‌కామ్ హైదరాబాదున కలదు, అచ్చటను విచారింపవచ్చును.

ఏజెంటు మన కులమువాడైనను లైసెన్సు నడుగుటకు మనము సిగ్గుపడరాదు. సంఘమందలి విద్యావంతులు ఒప్పందపత్రమును చదివి వినిపించిన, అదియు అన్నదానముతో సమానమే.