ఆదివారానికి పాటలు ఎలా ఎంచుకుంటాను

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా మన సంఘం ఆన్‌లైన్‌లో జరిపిన సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, చర్చిలో ప్రతి ఆదివారం పాటలు మీరే చూస్తారట కదా, దాని గురించి చెప్పండి" అన్నారు. నేను వెనకాడానండి. మనలో కొల్లాపురమ్మను కొలిచేవాళ్ళున్నారు, అంకమ్మను కొలిచేవాళ్ళున్నారు, నాలాగా చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. అందరి సభలో ఒకరి గుడి సంగతి ఎందుకన్నాను. "మీ అమ్మగారి పాట సంగతి చెప్తే చాలు, అది అందరిదీ" అన్నారు. సరేనన్నాను. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మా వాళ్ళు చర్చిని కూడా సంఘమే అంటారు. నేను సంఘం అన్నప్పుడు ఏ సంఘమో తికమక పడతారని, ఈ పూటకు చర్చి అనే అంటాను.

మాది అల్లవరం మండలం ఓడలరేవు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. పేరులో ఓడలున్నాయి గానీ ఇప్పుడు ఊరి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఓ.ఎన్.జి.సి. టెర్మినలే. మా చర్చి చిన్నది, పైన రేకులు. వచ్చేవాళ్ళలో వేటకు వెళ్ళే మత్స్యకారులున్నారు, కొబ్బరి తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళున్నారు, మన ఎరుకల కుటుంబాలు ఏడున్నాయి. సగం మందికి చదువు రాదు. ఈ ఒక్క సంగతి మీదే నా పనంతా ఆధారపడి ఉంటుంది.

గురువారం సాయంత్రం పాస్టరు గారిని అడుగుతాను, ఈ ఆదివారం వాక్యం దేని మీదని. ఆయన ఒక్కోసారి శనివారం దాకా తేల్చరు. అది వేరే కథ. తెలిసిన తర్వాత ఐదు పాటలు రాసుకుంటాను. మొదలు పెట్టేది ఒకటి, స్తుతి పాటలు రెండు, వాక్యానికి ముందు ఒకటి, కానుకల వేళ ఒకటి. మొదటి ఆదివారమైతే ప్రభు బల్ల ఉంటుంది కాబట్టి దానికి ఇంకొకటి. మొదటి పాట అందరికీ నోటికి వచ్చినదై ఉండాలి. ఎందుకంటే అప్పటికి సగం మందే వచ్చి ఉంటారు, మిగతావాళ్ళు చెప్పులు విప్పుతూ, పిల్లల్ని కూర్చోబెడుతూ అందుకుంటారు. వాక్యానికి ముందు పాట నెమ్మదిగా ఉండాలి. కానుకల పాట పొట్టిది పెట్టకూడదు, సంచి చివరి వరుసకు చేరకముందే అయిపోతుంది!

పుస్తకం చూసి పాడలేని వాళ్ళకు పాట అందించాలి. నేను ఒక వరస అంటాను, వాళ్ళు అదే వరస అంటారు. పల్లవి తిరిగి తిరిగి వచ్చే పాటైతే రెండో చరణానికల్లా అందరూ పట్టుకుంటారు. కొత్త పాట నెలకు ఒకటే. దాన్ని మూడు ఆదివారాలు కీబోర్డు లేకుండా నేర్పిస్తాను. మా కీబోర్డు కుర్రాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు, చేతివాటం ఉన్నవాడు. వారానికి మూడు కొత్త పాటలు యూట్యూబ్ నుంచి తెస్తాడు. వాటిని స్టూడియోలో మంచి గాయని పాడి ఉంటుంది. ఆ శ్రుతి మా అవ్వలకు అందదు. మగవాళ్ళు అందుకోలేక కింద ఎక్కడో గొణుగుతారు. ఫోన్‌లో ట్రాక్ పెట్టి పాడదామంటాడు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు కదండీ. మా ముసలావిడ ఒకామె చరణం మధ్యలో కళ్ళు తుడుచుకుంటుంది, ఆమె తేరుకునేదాకా మేం పల్లవి ఇంకోసారి పాడతాం. ట్రాక్‌తో ఆ పని ఎలా కుదురుతుంది? అలాగని వాడు తెచ్చిన పాటలన్నీ పక్కన పెట్టను. రెండు మెట్లు దించి వాయించమంటాను. మొదట్లో ముఖం మాడ్చుకునేవాడు, ఇప్పుడు వాడే దించుకుని వస్తున్నాడు.

నా దగ్గర ఒక పొడవాటి నోటు పుస్తకం ఉంది. నాలుగు గళ్ళు గీశాను. తేదీ, వాక్యం, పాటలు. నాలుగో గడిలో ఆ పాట వేళ ఎవరు పాడలేదో రాస్తాను. ఎవరినీ తప్పు పట్టడానికి కాదు. పాడకపోవడానికి కారణం పాటలోనే ఉంటుందని నాకు మెల్లగా తెలిసింది.

క్రైస్తవులకు ఒక క్యాలెండరు ఉంటుంది. ఆగమన కాలం, క్రిస్మస్, శ్రమల దినాలు, మట్టల ఆదివారం, ఈస్టరు, పెంతెకొస్తు. మా ఊళ్ళో దాని పక్కన సముద్రం క్యాలెండరు కూడా పెట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఈస్టరు సంబరం అయ్యీ అవకముందే ఇళ్ళల్లో డబ్బు ఆగిపోతుంది. ఒక ఏడాది మే నెలలో కానుకల వేళ సమృద్ధి గురించిన పాట పెట్టాను. కూడిక అయ్యాక ఒక మత్స్యకార పెద్దాయన పక్కకు పిలిచి, "మాస్టారూ, ఈ రెండు నెలలూ ఆ పాట ఆపండి, నోరు రావట్లేదు" అన్నాడు. నాలుగో గడి చూసుకుంటే మగవాళ్ళ వరస మొత్తం ఉంది.

నవంబరు సంగతి ఇంకోలా ఉంటుంది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. మన పాటల్లో తుపాను, అలలు, నావ ఎన్నిసార్లు వస్తాయో లెక్క పెట్టండి. పాట రాసినాయనకు అది ఉపమానం. మా చర్చిలో ఒకామెకు అది ఉపమానం కాదు. ఆ పాట మొదలైతే లేచి బయట కొబ్బరి చెట్టు కింద నిలబడుతుంది. ఆ వారం అలాంటి పాటలు పెట్టను.

ఇక అసలు విషయానికి వస్తాను.

1830ల చివర నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలకు బౌడెన్, బీర్ అనే మిషనరీలు వచ్చి గోదావరి డెల్టాలో పని మొదలుపెట్టారు. తొలినాళ్ళలో మిషన్లలో ఇంగ్లీషు పాటలను తెలుగు చేసి ఇంగ్లీషు వరసలకే పాడించేవారు. ఆ వరసలో తెలుగు మాట పెడితే దీర్ఘం ఉండాల్సిన చోట పొట్టిది, పొట్టిది ఉండాల్సిన చోట దీర్ఘం పడుతుంది. మాట అర్థం కాదు. ఈ చిక్కును విప్పినవారిలో మొదట చెప్పుకోవాల్సినవారు పురుషోత్తమ చౌధరి గారు (1803–1890), పర్లాకిమిడి వైపు మనిషి. తెలుగువాళ్ళకు అలవాటైన కీర్తన పద్ధతిలో, మన రాగాల్లో, మన తాళాల్లో పాటలు కట్టారు. ఇప్పటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఆ పాటలు పల్లెల్లో ఇన్నేళ్ళు నిలవడానికి అది పెద్ద కారణమని నేననుకుంటాను.

అదే పర్లాకిమిడిలో తర్వాత గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సవరల పాటలు, కథలు సేకరించి, నిఘంటువు, వ్యాకరణం రాశారు. గోదావరి పైన దుమ్ముగూడెంలో 1860లో మొదలైన మిషన్‌లో జాన్ కెయిన్ అనే ఆయన కోయ నేర్చుకుని లూకా సువార్తను కోయలో పెట్టారు. కోయలకు, సవరలకు ఎవరో ఒకరు ఆ పని చేశారు. మరి మన కుర్రు బాసలో ఏముంది? మనల్ని ఎలా లెక్కలోకి తీసుకున్నారో మీకు తెలుసు. 1911 చట్టం పెట్టి నేరస్థ తెగ అన్నారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది గానీ, బస్సులో మన బాస మాట్లాడితే పక్కవాళ్ళు సంచి దగ్గరకు లాక్కోవడం నా చిన్నప్పుడు కూడా చూశాను. అందుకే మా ఇళ్ళల్లో పిల్లలతో తెలుగే మాట్లాడారు. నాకు కుర్రు అర్థమవుతుంది, తడుముకోకుండా మాట్లాడలేను. నా పిల్లలకు అర్థం కూడా కాదు.

మా అమ్మ సోదె చెప్పేది. చంకలో బుట్ట, చేతిలో కర్ర పట్టుకుని ముమ్మిడివరం దాకా నడిచేది. నేను ఐదో తరగతిలో ఉండగా బాప్తిస్మం తీసుకుంది, ఆ రోజుతో సోదె మానేసింది. తర్వాత ఈత బరికెల బుట్టలు అల్లి మమ్మల్ని చదివించింది. సోదె చెప్పే మనిషికి గొంతు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వీధి చివర నుంచి వినిపిస్తుంది. అలాంటి మనిషి చర్చిలో పెదవులు కదిపేది, అంతే. నేను ఇరవై రెండేళ్ళుగా పాటలు చూస్తున్నాను. నోటు పుస్తకం నాలుగో గడిలో "అమ్మ" అని ఎన్నిసార్లు రాశానో! వయసు అయిపోయిందని సరిపెట్టుకున్నాను.

మూడేళ్ళ క్రితం ఉపవాస ప్రార్థన నాడు కరెంటు పోయింది. కీబోర్డు లేదు, మైకు లేదు. పాస్టరు గారు ఎవరైనా ప్రార్థన చేయండి అన్నారు. చీకట్లో అమ్మ మొదలుపెట్టింది. మాటలు కుర్రులో, ప్రార్థన మాటలే. వరస మాత్రం సోదె వరస. రేకుల కింద ఆ గొంతు విని నాకు ఒళ్ళు జలదరించింది. కరెంటు వచ్చాక చూస్తే కీబోర్డు కుర్రాడు ఫోన్‌లో రికార్డు చేసి ఉన్నాడు. మర్నాడే ఆ వరసకు తెలుగు మాటలు కట్టి ఆదివారం పాడిద్దామని నేను తయారయ్యాను.

అడ్డు చెప్పింది మత్స్యకారులు కాదు, పాస్టరు గారు కాదు. మనవాళ్ళలోనే ఒక పెద్దమ్మ, తనూ ఒకప్పుడు సోదె చెప్పినామె. "ఆ వరసలో నేను ఎందరమ్మవార్లను పిలిచానో నీకు తెలుసా అబ్బాయ్? కంచి నుంచి, మధుర నుంచి, కాశీ నుంచి పిలిచాను. మానేసిన నాడు ఇంట్లో పిడికెడు బియ్యం లేవు. అంత ఖరీదు పెట్టి మానేసింది మళ్ళీ నా చెవిలో వేస్తావా?" అంది. నాకు మాట రాలేదు. చదువుకున్నవాడిని కదా, సంస్కృతి, వారసత్వం అని సమాధానాలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆమె అడిగినదానికి అవేవీ సరిపోలేదు. అమ్మను అడిగితే, "నాకు దేవుడితో మాట్లాడ్డానికి వచ్చిన వరస అదొక్కటేరా" అంది. ఇద్దరిదీ నిజమే. ఈ సభలో పెద్దలున్నారు, మీరు తీర్పు చెప్పగలరేమో గానీ నేను చెప్పలేకపోయాను.

నెల రోజులు అలాగే నడిచింది. ఆ పెద్దమ్మే ఒక రోజు మా అరుగు మీద కూర్చుని, "బుట్టలు అల్లేటప్పుడు మన ఆడవాళ్ళు పాడుకునేది ఉంది కదా, దాంట్లో ఏ అమ్మవారూ లేదు, అది తీసుకో" అంది. చేతి వేగానికి తగ్గట్టు సాగే వరస, బరికె మడిచే చోట చిన్న విరుపు. అమ్మా, ఆమె కలిసి నాలుగు వరసలు కుర్రులో కట్టారు. రెండో వరసలో "కృప" దగ్గర ఆగిపోయారు. దానికి మాట దొరకలేదు. నేను తెలుగు మాటే ఉంచేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, ధాన్యానికి బుట్ట ఇచ్చినప్పుడు కొలత నిండాక రైతు పైన వేసే దోసెడు ఉంటుంది చూడు, మనం కొసరు అంటాం, అదే పెట్టు అంది. కొలత ప్రకారం రావాల్సింది కాదు, అడిగి తీసుకునే హక్కు లేదు, అయినా వేస్తారు. పాస్టరు గారు ఆ మాట విని తర్వాతి ఆదివారం వాక్యం దాని మీదే చెప్పారు. ఆ వారం ఆయన బుధవారమే తేల్చేశారు.

ఇప్పుడు ప్రతి నెలా మూడో ఆదివారం వాక్యానికి ముందు ఆ పాట పాడతాం. కీబోర్డు వాయించం, డోలక్కు మెల్లగా. అందించేది అమ్మ. మత్స్యకారుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా నేర్చుకున్నారు, అర్థం అడిగి నేర్చుకున్నారు. ఒకప్పుడు బస్సులో దాచుకున్న బాస ఇప్పుడు పక్కింటివాళ్ళ నోట వినిపిస్తుంటే అమ్మ నవ్వు ఆపుకోలేదు, ఎందుకంటే వాళ్ళ పలుకు అంత బాగుండదు. సోదె వరస మాత్రం పాడటం లేదు. ఆ రికార్డు కుర్రాడి ఫోన్‌లో, నా దగ్గర, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాన్ని ఏం చేయాలో ఆ ఇద్దరూ బతికుండగా నేను నిర్ణయించను.

మీ ఊళ్ళలో ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే, చర్చిలో గానీ, అమ్మవారి జాతరలో గానీ, ఒక్క మాట. ముందు పెద్దవాళ్ళు పని చేసుకునేటప్పుడు పక్కన కూర్చోండి. ఫోన్ ఎదురుగా పెట్టి పాడమంటే సిగ్గుపడి సినిమా పాట పాడతారు, నాకు అనుభవమే. ఏ వరస ఎక్కడ పాడవచ్చో, ఎక్కడ పాడకూడదో వాళ్ళనే అడగండి. రికార్డు చేశాక వాళ్ళకే ముందు వినిపించండి.

నాకిచ్చిన సమయం అయిపోయిందని కార్యదర్శి గారు చెయ్యి ఊపుతున్నారు. ఈ ఆదివారం వాక్యం ఇంకా నాకు తెలియదు. మూడో ఆదివారం కాదు కాబట్టి ఆ పాట లేదు. అందుకని ఇక్కడ పాడతానని అమ్మ పొద్దుట్నుంచీ చీర మార్చుకుని కూర్చుంది. పక్కన పెద్దమ్మ కూడా ఉంది. ఫోన్ వాళ్ళ వైపు తిప్పుతున్నాను. కొంచెం వాల్యూమ్ తగ్గించుకోండి, అమ్మ గొంతు పెద్దది.