పాలెగాడు పోయినా పెత్తనం పోలేదు

(గండికోటలో జరిగిన సభలో మా ప్రసంగ పాఠం)



ఎదురుగా కోట ఉంది, కింద పెన్నేరు ఉంది. ఈ కోటను పెమ్మసాని నాయకులు ఏలినారు. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. తర్వాత నవాబులొచ్చినారు, నిజాం వచ్చినాడు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేసినాడు. కలెక్టరు మన్రో పాలెగాళ్లను అణచినాడు. ఇన్ని జెండాలు మారినా మాలపల్లె, మాదిగపల్లె ఊరి బయటే ఉండిపాయె. మారింది కోటలో ఉన్నోడే. భూమి ఎవరిది, ఊర్లో మాట ఎవరిది అన్నది మారలేదు.

ఇది మన ఒక్క సీమ కథ కాదు. చిలీలో సైనిక నియంత పినోచెట్ 1990లో గద్దె దిగినాడు, కానీ 1998 దాకా సైన్యాధిపతిగానే ఉన్నాడు. బర్మాలో 2015లో జనం సైన్యం పార్టీని ఓడించినారు. అయితే పార్లమెంటులో నాలుగోవంతు సీట్లు సైన్యం ముందే తన పేర రాసిపెట్టుకుంది. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే ప్రభుత్వాన్ని కూలదోసింది. దక్షిణాఫ్రికాలో 1994లో నల్లవాళ్లంతా ఓటేసి మండేలాను గెలిపించుకున్నారు. సేద్యపు భూమి మాత్రం ఇప్పటికీ ఎక్కువగా తెల్లవాళ్ల చేతిలోనే ఉంది. నియంత పోవడం వేరు, నియంతను మోసిన ఏర్పాటు పోవడం వేరు.

మన దేశమూ ఆ దోవ నడిచిందే. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీ. ఆ చీకట్లోనే 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసినారు. 1977లో ఉత్తరాది ఇందిరాగాంధీని ఓడించింది. మన రాష్ట్రంలో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వచ్చినాయి. పోయిన ఒక్కటీ మన పక్క నంద్యాల. అక్కడ గెలిచింది నీలం సంజీవరెడ్డి.

పేదలకు స్వేచ్ఛ విలువ తెలీదు అనేవాళ్లను మేము ఒకటే అడుగుతాం. సభ పెట్టే హక్కు పోయిందని పెద్దలు ఏడ్చినారు. రచ్చబండ మీద కూచునే హక్కు మాకు ఎప్పుడుండె? ఇంటి జాగా, వెట్టి రద్దు అన్న మాటలు 20 సూత్రాల్లో వినబడితే కూలోడు ఆశపడినాడు. అట్లని ఎమర్జెన్సీని మేము మెచ్చం. నోరు కట్టేసిన చోట ముందు నలిగేది కూలోడే.

ఎమర్జెన్సీ పోయినాక ఏమైంది? 1985లో కారంచేడులో ఆరుగురిని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపినారు. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. రాజకీయాల్లో సమానం, బతుకులో అసమానం అనే ఈ వైరుధ్యం ఎక్కువ కాలం నిలవదని బాబాసాహెబ్ 1949 నవంబరు 25నే హెచ్చరించినారు.

73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మనకు సర్పంచ్ సీట్లు వచ్చినాయి. ఇప్పుడు పాలెగాడు కత్తి పట్టుకుని రానక్కర లేదు, ఏకగ్రీవం అంటూ వస్తాడు. తన జీతగాడితో నామినేషన్ వేయించి, చెక్కుబుక్కు తన ఇంట్లో పెట్టుకుంటాడు. 2021లో ఏకగ్రీవమైన ఊర్లకు సర్కారే డబ్బు ప్రకటించింది. పోటీ లేకుంటే గొడవ ఉండదంట! నోరెత్తే మనిషి లేకపోవడాన్ని శాంతి అంటామా?

తమిళనాడులో మేలవలవు పంచాయతీకి ప్రెసిడెంటైనందుకు 1997లో దళితుడు మురుగేశన్‌ను నరికినారు. పాపాపట్టి, కీరిపట్టిలో దళితుణ్ణి ప్రెసిడెంటు కానియ్యమని 10 ఏండ్లు అడ్డం కూచున్నారు. జనం పట్టు వదల్లేదు. 2006లో అక్కడ ఎన్నిక జరిగింది. కాబట్టి కాదనేది ఏదీ లేదు.

మేము కోరేది నాలుగే. రిజర్వు సీటుకు మన మనిషిని మన వాడలోనే కూచుని ఎంచుకోవాల. నామినేషన్‌కు ఒక్కణ్ణే పంపకుండా పదిమంది వెంట పోవాల. బూతులో మన ఏజెంటు కడదాకా కూచోవాల. గెలిచినాక చెక్కుబుక్కు సర్పంచ్ చేతిలోనే ఉండాల, లెక్క గ్రామసభలో చెప్పాల.

ఢిల్లీలో ప్రజాస్వామ్యం ఉందో లేదో పేపర్లు రాస్తాయి. మన ఊర్లో ఉందో లేదో మనమే తేల్చాల.

జై భీమ్!