పశువుల యెద, సూది వేయించు వేళ



చూలు నిలువలేదని మంచి పాడిపశువులను సంతకు తోలుచున్నాము. మేమును అట్లొక యావును తోలితిమి. కొన్నవారి యింట నది నెల తిరుగకుండ చూలు కట్టెను! లోపము పశువునందు గాదు, వేళ యెరుగని మాయందే యుండెను.

ఆవునకు సుమారు 21 దినముల కొకమారు ఎద వచ్చి, 12 మొదలు 18 గంటలు నిలుచును; మన నాటుజాతులలో నింకను తక్కువ. ఎద తగ్గిన పిదప 10, 12 గంటలకు గాని యండము విడుదల కాదు. విడుదలయైనది కొలది గంటలే బ్రదుకును. వీర్యకణములు ఒక దినము నిలుచును గాని, వానికి శక్తి కలుగుటకే కొన్ని గంటలు పట్టును. కావున నవి ముందుగ చేరి వేచియుండవలయును. ఉదయమున ఎద కనబడిన సాయంకాలము, సాయంకాలమున కనబడిన మరునాటి యుదయము సూది వేయింపుడు. 1948లో అమెరికాలో ట్రింబర్గరు పండితుడు పరీక్షించి చూపిన క్రమమిదియే.

ఆవు వెనుక నెత్తురు చారిక కనబడెనా, వేళ దాటినది. ఆనాటి తేది గోడపై వ్రాసి, 17వ దినము మొదలు కాచుకొనుడు.

గేదె సంగతి వేరు. వేసవిలో దానికి మూగయెద, అరవదు. తెల్లవారుజామున లేచి, అది పరుండిన చోట తీగవలె సాగు జిగురున్నదేమో చూడవలయును. ఈ పని పాలేరుపై విడువరాదు.