కృతి యొకటి, రూపములు రెండు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

  

ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామ గ్రంథాలయము తలుపు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. గ్రంథాలయోద్యమ చరిత్రమును చెప్పుటకు నాకంటె సమర్థులు ఈ వేదికపై నున్నారు. నేను మీ పఠనమందిరములో ఒక విద్యార్థి నన్నడిగిన చిన్న ప్రశ్నతో ఆరంభించెదను.

ఆ బాలునకు జపాను దేశపు కదలుబొమ్మల చిత్రములయందు మక్కువ మెండు. వానిని 'అనిమే' అందురు. 'డీమన్ స్లేయర్' అను కథలోని 'ముగెన్ ట్రైన్' ఘట్టమును అతడు సినిమాగా చూచినాడు. తరువాత ఇంటర్నెట్టులోని పట్టికను తెరవగా అదే పేరు రెండు తావుల కనబడినది. ఒకచోట చలనచిత్రము, వేరొకచోట ఏడు ఎపిసోడుల ధారావాహిక. "మాస్టారూ! సినిమా చూసేశాను గదండీ. మరి ఈ ఏడూ కూడా చూడాలా? ఇది అదేనా, వేరేదా?" అని అడిగినాడు. నవ్వి ఊరకుండదగిన ప్రశ్నయని మొదట నాకు తోచినది. కాని ఆలోచించిన కొలది, ఇది గ్రంథపాలకులు తరతరములుగా ఎదుర్కొనుచున్న ప్రశ్నయేయని బోధపడినది.

ముందుగా వాస్తవమును చూతము. 2019లో వెలువడిన ధారావాహికకు తరువాయి కథగా ఈ చలనచిత్రము జపానులో 2020 అక్టోబరు 16వ తేదీన విడుదలైనది. నిడివి 117 నిమిషములు. 2021 అక్టోబరు 10 మొదలు నవంబరు 28 వరకు దానినే ఏడు ఎపిసోడులుగా టెలివిజనులో ప్రసారము చేసిరి. మొదటి ఎపిసోడు సినిమాలో లేని క్రొత్త కథ. తక్కిన ఆరును సినిమాను ఖండించి, కొన్ని దృశ్యములు చేర్చి కూర్చినవి. కావున రెండును ఒకటియే యనుట పూర్తిగా నిజము కాదు. వేరువేరనుటయు పూర్తిగా నిజము కాదు.

దీనిని పట్టికలవారు తలకొక విధముగా పరిష్కరించినారు. మై యానిమే లిస్ట్, అనిలిస్ట్ అనువారు సినిమాకు ఒక పుట, ధారావాహికకు ఒక పుట ఇచ్చి, వాని సంబంధమును సూచింతురు. చూచువాడు తాను చూచినవానిని లెక్కించుకొనుట అచ్చట ప్రధానము. అనిడిబి యనునది సినిమా పుటలోనే 'సంపూర్ణ చిత్రము' అని ఒక వరుసయు, ఖండములుగా లభించినచో ఆ ఖండములకు వేరు వరుసలును వ్రాయును. టెలివిజను ధారావాహికలకై పుట్టిన టీవీడీబీలో ఒక ధారావాహికకు అనుబంధమైన సినిమాలు 'ప్రత్యేకములు' అను సున్న సంఖ్య గల విభాగములో చేరుచుండును. ఎవరి అవసరము వారిది, అవసరమునుబట్టియే అలమర.

ఏది ముందు వచ్చినదో అదియే అసలనుకొందమా? ఆ సూత్రమును నిలువదు. 'మొబైల్ సూట్ గండమ్' 1979లో టెలివిజనులో ఆరంభమై 43 ఎపిసోడులుగా నడచినది. 1981, 1982 సంవత్సరములలో మూడు సినిమాలుగా కుదింపబడినది. 'స్పేస్ బాటిల్‌షిప్ యమాటో 2199' యొక్క 26 ఎపిసోడులను 2012 నుండి ఏడు అధ్యాయములుగా సినిమాహాళ్లలో ప్రదర్శించుచు, 2013లో టెలివిజనుకెక్కించిరి. అది పుట్టుకచే ధారావాహికయే. తొలుత కనబడినది మాత్రము వెండితెరపై.

ఇది పరదేశపు ముచ్చట యనుకొనవద్దు. మన 'బాహుబలి' 2015లో ఒక భాగముగను, 2017లో మరియొక భాగముగను వచ్చినది. 2025 అక్టోబరు 31న ఆ రెంటిని కుదించి 'ది ఎపిక్' అను పేర ఒకే చిత్రముగా విడుదల చేసిరి. పట్టికలో అవి రెండా, మూడా?

ఇంకను ఇంటికి దగ్గర ఉదాహరణము కలదు. మనకు చేరువనున్న ఎస్. రాయవరములో 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును 1897లో అచ్చువేయించిరి. 1909లో వెలువడిన రెండవ కూర్పును ఎంతగానో పెంచి, మార్చి, ఇంచుమించు క్రొత్త నాటకమనదగినట్లు తీర్చిరి. లోకము రెండవదానినే చదివినది. మొదటిది మరుగునపడగా, 1969లో బంగోరెగారు దానిని వెలికితీసి మరల ప్రకటించిరి. 'పుస్తకమొకటి, ముద్రణలు రెండు' అని చీటీ వ్రాసి అందరును తృప్తిపడియున్నచో, ఆ తొలి రూపమును వెదకువా రెవరు?

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. నేను పనిచేసిన గ్రంథాలయములో పాత వారపత్రికల కట్టలను ఒకమారు తూకమునకు అమ్మించితిని. అందలి నవలలన్నియు పుస్తకములుగా అలమరలో నున్నవిగదా యని నా వాదము. కొన్నాళ్లకు ఒక వృద్ధురాలు వచ్చి, తాను బాల్యమున వారము వారము ఎదురుచూచి చదివిన నవలను బొమ్మలతో చూడగోరినది. పుస్తకము చేతికిచ్చితిని. పుటలు త్రిప్పి, "కథ ఇదే బాబూ, బొమ్మలు లేవు" అని మెల్లగా తిరిగి ఇచ్చివేసినది. ఆ మాట నన్ను నేటికిని విడువలేదు.

అంతర్జాతీయ గ్రంథాలయ సంఘములు 1998లో ప్రకటించిన నివేదికలో కృతి వేరు, దాని రూపాంతరము వేరు, ప్రకటన వేరు, చేతిలోని ప్రతి వేరు అని విభజించిరి. పాఠకుని కాలమును కాపాడుమని రంగనాథన్ గారు 1931లోనే సూత్రీకరించిరి. ఈ రెంటిని కలిపినచో మనకు దారి దొరకును. రూపమునకొక చీటీ వ్రాయుడు. చీటీలను ఒకే సూత్రమున గ్రుచ్చుడు. ఒకదానిలో నున్నదేమి, రెండవదానిలో లేనిదేమి, ఒక్క వాక్యములో తెలుపుడు. కలిపివేసినచో రూపము నశించును. విడదీసి ఊరకున్నచో పాఠకుడు దారి తప్పును.

ఆ బాలునకు నేనిచ్చిన సమాధానము ఇదియే: "నాయనా, కథ నీవు చూచితివి. మొదటి ఎపిసోడు మాత్రము నీకు క్రొత్త; దానిని చూడుము. తక్కినవి తీరికనుబట్టి." అతడు వెంటనే, "ఆ ముక్క పట్టికలోనే రాసి ఉంటే బాగుండును గదండీ!" అన్నాడు. అంతకంటె నేను చెప్పగలిగినది లేదు.

ఈ గ్రంథాలయములో పాత పత్రికల కట్టలు ఇంకను ఉన్నవి. వానిని తూకమునకు పంపకముందు ఒక్కసారి తెరచి, చీటీ వ్రాయుడు. స్వర్ణోత్సవమునాటి పాఠకులు మీకు కృతజ్ఞులై యుందురు.