ఒకే తాళంచెవి, అనేక తలుపులు



కంప్యూటర్ కొనడానికి మీరు సంతోషంగా సాయం చేస్తారు. కొన్నాక దాన్ని కనిపెట్టుకుని ఉండడానికీ ఖర్చుంటుందని మనవి చేయడానికే మా ఈ నాలుగు మాటలు.

రికార్డులు దాచి, అడిగినవారికి అందించే కంప్యూటరే సర్వర్. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, సోలారిస్ - ఒక్కోదానిలో దాని అమరిక ఒక్కో తీరు. జేమీ కామెరాన్ 1997లో విడుదల చేసిన వెబ్‌మిన్ ఆ తేడాలను తానే చూసుకుంటుంది. బ్రౌజర్ తెరిచి కొత్త యూజర్లను చేర్చవచ్చు, బ్యాకప్ పెట్టవచ్చు, దూరాన ఉన్న సర్వర్‌నూ సరిచేయవచ్చు. పైగా అది ఉచితం.

అయితే అది సర్వర్ మొత్తానికీ తాళంచెవి. 2018లో ఎవరో వెబ్‌మిన్‌ను తయారుచేసే కంప్యూటర్‌లోకి చొరబడి, అందులో దొంగదారి పెట్టారు. 2019 ఆగస్టులో అది బయటపడ్డాక 1.930 వెర్షన్‌తో మూసేశారు. దోషమున్న వెర్షన్ వాడుతున్నవారు కొత్తది వేసుకుంటేనే ఆ రక్షణ అందుతుంది.

దాతల వివరాలు, విద్యార్థుల దరఖాస్తులు ఉన్న ఏ సర్వరైనా మన చేతిలోని అమానతే. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికినా, కాపలాకు మనిషి కావాలి. యంత్రానికి ఇచ్చేటప్పుడు ఆ మనిషి జీతానికీ కొంత కేటాయించమని కోరుతున్నాము.