మెదడు లింఫోమా: మందుకు ముందే ముక్క పరీక్ష

మన దేశంలో మూర్ఛతో వచ్చిన రోగి మెదడు స్కానింగులో మచ్చ కనబడితే అనుమానం ముందుగా క్షయ గడ్డ మీదికో, బద్దెపురుగు తిత్తి మీదికో పోవడం సహజమే. అయితే లింఫోమా, అనగా లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలలో పుట్టే క్యాన్సరు, గడ్డ కట్టకుండా మెదడంతా పొగలా వ్యాపించి మతిమరుపుగానో, కంటి లోపలి వాపుగానో, సన్నని రక్తనాళాలలో నిండి పక్షవాతంగానో పొడసూపవచ్చు. వాపు తగ్గించేందుకిచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఈ కణాలను చంపి మచ్చను కొన్నాళ్లు మాయం చేయగలదు గనుక, రోగి కోలుకున్నట్లు కనిపించడమే అసలు చిక్కు. ఆ తరువాత మెదడు నుంచి పరీక్షకు తీసిన ముక్కలో నిర్ధారణకు చాలినన్ని కణాలు దొరకకపోవచ్చు. అందువల్ల ప్రాణాపాయం లేనప్పుడు స్టెరాయిడ్‌ను వాయిదా వేసి, వెన్ను నీటిలోను, అవసరమైతే కంటి ద్రవంలోను కణాలను వెదకి, అప్పటికీ తేలకపోతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి సూదితో ముక్క తీసి, బి లింఫోసైట్ల గుర్తయిన సీడీ 20 కోసం పరీక్షిస్తారు.